మద్యం చట్టం ఎవరి మీద గట్టిగా ఉండాలి? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల నుంచి మద్యం దుకాణాల గురించి, చట్టాల గురించి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఇప్పుడున్న ప్రైవేటు దుకాణాల లైసెన్సుల గడువు 2026 సెప్టెంబరు 30. తర్వాతి విధానంలో ఏముండాలని అడగాలో తేల్చుకోవడానికి కూడా ఈ జవాబులు పనికొస్తాయి. చట్టం సంగతులు ఎక్సైజ్ వ్యవహారాలు తెలిసినవారు రాశారు, ఆరోగ్యం సంగతులు వైద్యులు రాశారు. ఉత్తరాలు రాసినవారి పేర్లు ఇవ్వడం లేదు.

ప్రశ్న: నాకు డెబ్భై ఏళ్లు దాటాయి. నిషేధం పెట్టడం చూశాను, ఎత్తేయడం చూశాను. ప్రభుత్వమే కొట్లు నడపడం చూశాను, మళ్లీ ప్రైవేటుకు ఇవ్వడమూ చూశాను. తాగేవాడు తాగుతూనే ఉన్నాడు. కఠినమైన చట్టాల వల్ల అసలు ఉపయోగం ఉందంటారా? – పటమట, విజయవాడ

జవాబు: ఉంది. కాకపోతే మీరు చూసినవన్నీ ఒక రకం చట్టాలు కావు. దేనికది విడదీసి చూడాలి.

మన జిల్లాలకు నిషేధం పాత సంగతే. 1937లో రాజాజీ ప్రభుత్వం సేలం జిల్లాలో మొదలుపెట్టిన నిషేధం 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటికీ, అంటే కృష్ణా, గుంటూరు జిల్లాలకూ వచ్చింది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక, దాని అమలు ఎలా ఉందో చూడమని రామమూర్తి కమిటీని వేశారు. ఆ కమిటీ నిషేధం ఎత్తేయమంది. ఆ గొడవ మీదే 1954 నవంబరులో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది.

1990ల కథ మీకు గుర్తుండే ఉంటుంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు లేచి సారా దుకాణం మూయించారు. అది జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా బందయింది. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో దాన్ని సడలించారు. అప్పుడు బ్రాందీ, విస్కీ తిరిగొచ్చాయి గానీ కాంట్రాక్టరు అమ్మే సారా తిరిగి రాలేదు. ఇవాళ్టికీ రాలేదు. రెండు చట్టాలూ గట్టివే, ఒకటే నిలిచింది. సారా చట్టం మూసింది కళ్లెదుట ఉన్న దారిని. వేలంపాటలో దక్కించుకున్న కాంట్రాక్టరు ఎవరో, డిపో ఎక్కడుందో, ప్యాకెట్లు తెచ్చే జీపు ఏ పూట వస్తుందో ఊళ్లో అందరికీ తెలుసు. పైగా ఆడవాళ్లే కాపలా ఉన్నారు. సంపూర్ణ నిషేధానికి వచ్చేసరికి చుట్టూ ఉన్న రాష్ట్రాల్లో సరుకు మామూలుగా దొరుకుతోంది. ఎన్ని సరిహద్దు రోడ్లకని కాపలా పెడతారు? ఖజానాకు రావలసిన డబ్బు దొంగరవాణా చేసేవాళ్లకు పోయింది.

2019 అక్టోబరు 1న వచ్చిన, ప్రభుత్వమే దుకాణాలు నడిపే విధానంలో మంచి ఉంది. దుకాణాల సంఖ్య 4,380 నుంచి 3,500కు తగ్గింది, అమ్మే గంటలు తగ్గాయి, బెల్టు షాపుల మీద దాడులు పెరిగాయి. అక్కడితో ఆగి కొన్నాళ్లు చూడాల్సింది. 2020 మేలో లాక్‌డౌన్ తర్వాత దుకాణాలు తెరుస్తూ ముందు 25 శాతం, వెంటనే ఇంకో 50 శాతం ధర పెంచారు. ఇక జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టు, పల్నాడులో పొందుగల చెక్‌పోస్టు తెలంగాణ సీసాలతో నిండిపోయాయి. డబ్బు చాలనివాళ్లు నాటుసారాకు తిరిగారు. ఆ జూలై చివర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు.

ధర పెంచితే తాగుడు తగ్గుతుందన్నది నిజం, ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అదే సలహా ఇస్తుంది. అయితే పక్క రాష్ట్రంలో చాలా తక్కువ ధరకు దొరుకుతుంటే ఒక్క రాష్ట్రం ఒక్క వారంలో పెంచిన ధర ఎవరినీ మానిపించదు, వేరే సీసా దగ్గరకు పంపుతుంది. ఏడాదికింత అని, పొరుగు ధర చూసుకుంటూ పెంచాలి.

2024 అక్టోబరు 16 నుంచి 3,396 ప్రైవేటు దుకాణాలు వచ్చాయి. వేళలు పొద్దున 10 నుంచి రాత్రి 10. 99 రూపాయలకు క్వార్టర్ దొరుకుతోంది. నాటుసారా వైపు పోకుండా ఇది కొందరిని ఆపుతుంది, కాదనలేం. రోజుకూలి మనిషికి రెండో క్వార్టర్ అందుబాటులోకి తెచ్చేదీ ఇదే. మా ఉద్దేశంలో చవక సీసా ఉంచదలిస్తే అమ్మే వేళలైనా తగ్గించాలి. రెండూ సడలించడం తప్పు.

బీహారులో 2016 నుంచి నిషేధం ఉంది, 2022 డిసెంబరులో సారణ్ జిల్లాలో కల్తీసారాకు పదుల మంది పోయారు. గుజరాత్‌లో రాష్ట్రం పుట్టినప్పటి నుంచీ నిషేధమే, 2022 జూలైలో బోటాద్‌లో అదే జరిగింది. నిషేధం ఉన్నచోటే ఇలా జరుగుతుందని తేల్చేయకండి. తమిళనాడులో ఊరూరా ప్రభుత్వ దుకాణాలున్నాయి, అయినా 2024 జూన్‌లో కళ్లకురిచ్చిలో 60 మందికి పైగా చనిపోయారు. దుకాణంలో సీసా ధర పేదవాడికి అందనప్పుడు, స్థానిక సిబ్బంది చూసీచూడనట్టు వదిలేసినప్పుడు ఈ చావులు వస్తాయి. మద్యం రాష్ట్రాల జాబితాలో ఉంది, జీఎస్టీలో లేదు. అంటే ధరా, దుకాణాల సంఖ్యా, నిఘా మూడూ రాష్ట్రం చేతిలోనివే. అడగాల్సింది అమరావతినే.

ప్రశ్న: మా ఊళ్లో కిరాణా కొట్టులో తెల్లవారుజామున ఐదింటికే క్వార్టర్లు అమ్ముతున్నారు. పనికి పోయే మగవాళ్లు అక్కడే ఆగిపోతున్నారు. స్టేషన్‌లో చెబితే ఒకసారి వచ్చి చూసి, ఏమీ దొరకలేదని వెళ్లిపోయారు. ఏం చేయాలి? – తెనాలి దగ్గర గ్రామం, డ్వాక్రా సంఘం సభ్యులు

జవాబు: అమ్మా, దొరకకపోవడానికి కారణం ఉంది. బెల్టు షాపువాడు కొట్టులో అయిదారు సీసాలకు మించి పెట్టడు. మిగతాది గడ్డివాములోనో, పశువుల పాకలోనో, స్కూటర్ డిక్కీలోనో ఉంటుంది. దాడికి వస్తున్నారని ఫోను ముందే వస్తుంది. కాబట్టి ‘ఫలానా కొట్టులో అమ్ముతున్నారు’ అన్న ఒక్క మాట సరిపోదు.

వారం పది రోజులు ఒక నోటు పుస్తకంలో రాయండి. సరుకు ఏ వేళకు వస్తోంది, ఏ బండి మీద వస్తోంది, బండి నంబరు ఏమిటి, ఎక్కడ దింపుతున్నారు. క్వార్టర్ల పెట్టెలో 48 సీసాలుంటాయి. అన్ని సీసాలు ఒకేసారి దిగుతుంటే లైసెన్సు దుకాణమే సరుకు ఇస్తోందని అనుకోవచ్చు. అన్నిటికంటే బలమైన సాక్ష్యం ఖాళీ సీసా. మూత దగ్గర అంటించిన ఎక్సైజ్ లేబుల్ మీద కోడ్ ఉంటుంది. ఆ సీసా ఏ డిపో నుంచి ఏ దుకాణానికి వెళ్లిందో దాన్నిబట్టి శాఖ కంప్యూటర్లో తెలుస్తుంది. తాగి పారేసిన సీసాలు నాలుగైదు ఏరి, లేబుల్ చిరక్కుండా కోడ్ కనిపించేలా ఫోటోలు తీసి, తేదీ వేసి పెట్టుకోండి. బెల్టు కొట్టువాణ్ణి పట్టుకుంటే వారానికి ఇంకొకడు వస్తాడు. సరుకిచ్చే లైసెన్సుదారు దొరికితేనే ఈ అమ్మకం ఆగుతుంది. బెల్టు షాపుకు సరుకిస్తే మొదటిసారి 5 లక్షల జరిమానా, మళ్లీ చేస్తే లైసెన్సు రద్దు అని ప్రభుత్వమే ప్రకటించింది. మీ అర్జీలో ఆ మాట గుర్తుచేయండి.

అర్జీని మీ ప్రొహిబిషన్ అండ్ ఎక్సైజ్ స్టేషన్ ఇన్‌స్పెక్టరు పేర రాసి, నకలు జిల్లా ఎక్సైజ్ అధికారికి పెట్టండి. ఒక్కరి పేరుతో వద్దు, సంఘం పేరుతో ఇవ్వండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కూడా అదే అర్జీ ఇచ్చి రసీదు నంబరు తీసుకోండి. దాని మీద చర్య ఎంతవరకు వచ్చిందో 1100కు ఫోను చేసి అడగొచ్చు. సమాచారం మాత్రమే ఇవ్వదలిస్తే ఎక్సైజ్ టోల్ ఫ్రీ నంబరు 14405. మాట్లాడేటప్పుడు పేరు రహస్యంగా ఉంచమని ముందే చెప్పండి.

దాడి జరిగాక కేసు ఎక్కడ చెడుతుందో కూడా తెలుసుకోండి. పంచనామాకు మధ్యవర్తులు కావాలి. ఊరివాళ్లెవరూ సంతకం పెట్టరు, పెట్టినవాళ్లు కోర్టులో మాట మారుస్తారు. మీ సంఘంలో ధైర్యమున్న ఇద్దరు ముందుకు రాగలిగితే కేసు నిలుస్తుంది. లేకపోతే వీఆర్వోనో, పంచాయతీ కార్యదర్శినో పిలిపించమని అడగండి. రెండోసారి పట్టుబడినవాణ్ణి తహశీల్దారు ముందు బైండోవర్ చేయమని కోరండి. పూచీకత్తు రాసిచ్చాక మళ్లీ అమ్మితే ఆ డబ్బు కట్టాల్సి వస్తుంది. ఈ భయం చిన్న జరిమానా భయం కంటే ఎక్కువ పనిచేస్తుంది. గ్రామసభలో తీర్మానం కూడా చేయించండి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభకున్న అధికారం మన మైదాన జిల్లాల్లో లేదు గానీ, తీర్మానం నకలు జతచేసిన అర్జీని పక్కన పడేయడం అంత తేలిక కాదు.

కొట్టువాడితో నేరుగా గొడవ పెట్టుకోకండి. సీసాలు మీరే పగలగొట్టకండి, సాక్ష్యం పోతుంది, ఎదురు కేసు మీ మీదికి వస్తుంది.

ప్రశ్న: మా వీధి రామాలయానికి ఎదురుగానే మద్యం దుకాణం పెట్టారు. వంద మీటర్ల నిబంధన లేదా? – అరండల్‌పేట, గుంటూరు

జవాబు: ఉంది. బడి, గుడి, ఆసుపత్రి నుంచి వంద మీటర్లు. కొలిచేది గాలిలో గీత గీసి కాదు, మనుషులు మామూలుగా నడిచే దారిలో, ద్వారం మధ్య నుంచి ద్వారం మధ్యకు. ముందు టేపు పెట్టి కొలవండి. చాలా ఫిర్యాదులు ఇక్కడే వీగిపోతాయి. రెండో చిక్కు, దేవాదాయ శాఖలో నమోదు కాని వీధి గుడి లెక్కలోకి రాదు. నమోదు పత్రం నకలు, కొలత వివరం, ఫోటో మూడూ పెట్టి జిల్లా ఎక్సైజ్ అధికారికి ఇవ్వండి. నమోదు లేకపోతే అదే వీధిలో గుర్తింపు ఉన్న బడి ఏదైనా ఉందేమో చూడండి. ఒక్కటి తగిలినా చాలు.

ప్రశ్న: హైదరాబాదు నుంచి కారులో వస్తూ రెండు సీసాలు తెచ్చుకుంటే కేసు పెడతారా? బిల్లు ఉంటే చాలదా? – నందిగామ

జవాబు: చాలదు. తెలంగాణ బిల్లు తెలంగాణకు పన్ను కట్టారని చెబుతుంది. మన రాష్ట్రం లెక్కలో అది పన్ను కట్టని సరుకు. పర్మిట్ లేకుండా తెస్తే కేసు పెట్టవచ్చు. సీసాలు పోవడం చిన్న సంగతి. బండిని కూడా స్వాధీనం చేసుకోవచ్చు, అది తిరిగి రావడానికి నెలలు పడుతుంది. అద్దె కారైతే డ్రైవరు కూడా ఇరుక్కుంటాడు. తేకండి.

ప్రశ్న: ఇబ్రహీంపట్నంలో నకిలీ మద్యం పట్టుబడినప్పటి నుంచి భయంగా ఉంది. మా ఇంట్లో మగవాళ్లు మానరు. సీసా అసలుదో కాదో ఎలా తెలుస్తుంది? – భవానీపురం, విజయవాడ

జవాబు: 2025 అక్టోబరులో ములకలచెరువులోనూ, ఇబ్రహీంపట్నంలోనూ నకిలీ తయారీ బయటపడ్డాకే ‘ఏపీ ఎక్సైజ్ సురక్ష’ యాప్ వచ్చింది. సీసా మీది కోడ్‌ను దాంతో స్కాన్ చేయాలి. తెరమీద వచ్చే బ్రాండు, బ్యాచ్, ఎంఆర్‌పీ లేబుల్ మీదివాటితో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. దుకాణంలో కొనేటప్పుడు వాళ్లచేతే మీ ముందు స్కాన్ చేయించండి.

స్కాన్ సరిగ్గా వచ్చినా మోసానికి ఒక సందు ఉంది. అసలు సీసాను ఖాళీ అయ్యాక లేబుల్‌తో సహా కొని, అందులో వేరే సరుకు పోసి, కొత్త మూత బిగిస్తారు. అప్పుడు కోడ్ అసలుదే చూపిస్తుంది. అందుకే మూత మీద వచ్చే లేబుల్ అంచు లేచిందా, జిగురు మరక ఉందా, మూత తిప్పినప్పుడు కింది రింగు తెగిన చప్పుడు వచ్చిందా, పక్కపక్క సీసాల్లో మట్టం ఒకేలా ఉందా, అడుగున నలక ఉందా అని చూడాలి. బెల్టు షాపులో, రాత్రి పదింటి తర్వాత దొరికే సీసాలో ఈ ప్రమాదం ఎక్కువ. ఫంక్షన్ హాళ్లు నడిపేవారికి ఒక విన్నపం: ఖాళీ సీసాలు పాతసామాను వాళ్లకు ఇచ్చేముందు లేబుల్ గీకేయించండి.

అసలు భయపడాల్సింది మెథనాల్‌కు. రంగులు, థిన్నర్లు తయారుచేసే పరిశ్రమల్లో వాడే ఆల్కహాల్ అది. వాసనలో, రుచిలో తేడా తెలియదు. నిప్పంటించి మంట రంగు చూసే పరీక్షను నమ్మకండి. కాలేయంలో అది ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటి నరాన్ని చంపుతుంది. 10 మిల్లీలీటర్లు చూపు పోగొట్టవచ్చు, 30 మిల్లీలీటర్లు ప్రాణం తీయవచ్చు. తాగిన వెంటనే మామూలు నిషాలాగే ఉంటుంది. 12 నుంచి 24 గంటల తర్వాత కడుపునొప్పి, వాంతులు, ఆయాసం, కళ్ల ముందు మంచు పట్టినట్టు తెల్లగా కనిపించడం మొదలవుతాయి. హ్యాంగోవర్ అని పడుకోబెడితే చేజారిపోతుంది. మజ్జిగ, నిమ్మరసం పట్టిస్తూ కూర్చోకండి. వాంతి చేయించకండి. 108కి ఫోను చేసి డయాలసిస్ ఉన్న పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. మిగిలిన సీసా కూడా పట్టుకెళ్లండి. అదే సీసా తాగినవాళ్లు బాగానే ఉన్నామన్నా వాళ్లనూ బండెక్కించండి.

ప్రశ్న: ఒక్క బీరు తాగి బండి నడిపినా బ్రీత్ ఎనలైజర్‌లో పట్టుబడతామా? – బెంజ్ సర్కిల్ దగ్గర ఉద్యోగి

జవాబు: పట్టుబడతారు. చట్టం గీసిన గీత వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు. 8 శాతం ఉండే స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 41 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 60 కిలోల మగమనిషికి అది వంద దగ్గరకు పోతుంది. 5 శాతం బీరైనా 60 దాటుతుంది. 42.8 శాతం ఉండే బ్రాందీ నైంటీ తాగితే 70 పైన. తక్కువ బరువున్నవారికి, ఆడవాళ్లకు ఇంకా ఎక్కువ. ఒంట్లోంచి పోయేది గంటకు 15 చొప్పున. అంటే స్ట్రాంగ్ బీరు తర్వాత దాదాపు అయిదు గంటలు ఆగాలి. రాత్రి పదింటికి క్వార్టర్ ముగించినవాడు పొద్దున ఆరింటికి కూడా గీత మీదే ఉంటాడు. కాఫీ, పెరుగు, చన్నీళ్ల స్నానం ఈ లెక్కను మార్చవు. మొదటిసారికి 10 వేల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఈ ఒక్క విషయంలో చట్టం ఇంకా గట్టిగా అమలు కావాలన్నది మా మాట. ఇక్కడ చనిపోయేది తాగినవాడొక్కడే కాదు.

ప్రశ్న: నా భర్త పొద్దున లేవగానే క్వార్టర్ పడకపోతే చేతులు వణుకుతాయి. ప్రభుత్వం దుకాణాలన్నీ మూసేస్తే ఆయన మానేస్తాడని నా ఆశ. అందాకా గదిలో పెట్టి తాళం వేయమని బంధువులంటున్నారు. తెలియకుండా అన్నంలో కలిపే మందు ఉందని కూడా చెబుతున్నారు. – పాత గుంటూరు

జవాబు: తల్లీ, తాళం వేయకండి. ఆ మందూ పెట్టకండి. ఈ రెండూ ప్రాణం మీదికి తెస్తాయి.

పొద్దున్నే వణుకు వస్తోందంటే ఆయన మెదడు మద్యానికి అలవాటు పడిపోయింది. అలాంటి మనిషికి ఒక్కసారిగా ఆపేస్తే 6 నుంచి 12 గంటల్లో వణుకు, చెమటలు, గుండెదడ మొదలవుతాయి. తొలి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతి తప్పుతుంది. లేనివి కనిపిస్తాయి, పురుగులు పాకుతున్నాయంటారు, జ్వరం పెరుగుతుంది. ఈ దశలో వైద్యం లేకపోతే చనిపోయేవాళ్లున్నారు. గదిలో తాళం వేస్తే ఇవన్నీ తలుపు అవతలే జరుగుతాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్‌కు దుకాణాలన్నీ ఒకేసారి మూతపడినప్పుడు హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు ఇలాంటి రోగులు గుంపులుగా వచ్చారు. దుకాణాలు మూసే ఉత్తర్వుతో పాటు ఆసుపత్రుల్లో మంచాలు, మందులు సిద్ధం చేయని ప్రభుత్వం మీ ఆయన లాంటివాళ్లను రోడ్డు మీద వదిలేసినట్టే.

అన్నంలో కలపమనే మందు చాలాసార్లు డైసల్ఫిరామ్. అది ఒంట్లో ఉండగా తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోతుంది. గుండె ఆగిపోవచ్చు కూడా. మనిషికి చెప్పి, ఒప్పించి, డాక్టరు చూస్తుండగా ఇవ్వాల్సిన మందు అది.

చేయాల్సింది ఇది. ఆయన తాగుతుండగానే గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లండి. ముందే ఆపించి తీసుకెళ్లనక్కర్లేదు. రోజుకు ఎంత తాగుతారు, చివరిసారి ఎన్నింటికి తాగారు, ఇదివరకు ఫిట్స్ వచ్చాయా, కామెర్లు వచ్చాయా, ఇంకేం మందులు వాడుతున్నారు అన్నది కాగితం మీద రాసిపెట్టుకోండి. మొదట వణుకు, ఫిట్స్ రాకుండా మందులు ఇచ్చి రోజురోజుకూ తగ్గిస్తారు, బి1 విటమిన్ ఇస్తారు. దీనికి వారం నుంచి పది రోజులు పట్టవచ్చు. ఇంట్లో ఎవరైనా గ్లూకోజ్ ఎక్కించబోతే ముందు బి1 ఇవ్వాలని గుర్తుచేయండి. ఇంటికొచ్చాక తాగాలన్న కోరిక తగ్గించే మాత్రలు కొన్ని నెలలు వాడాలి. చాలామంది ఇక్కడే మానేస్తారు, మళ్లీ మొదలవుతుంది. అలా జరిగితే మళ్లీ తీసుకెళ్లండి, రెండోసారి, మూడోసారి వెళ్లి మానినవాళ్లు చాలామంది ఉన్నారు.

ఆయన రానంటే ముందు మీరే 14446కు ఫోను చేసి మాట్లాడండి, అది జాతీయ డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్. మీకే మనసు తట్టుకోలేకపోతే టెలీ మానస్ 14416. తాగి కొడుతుంటే 181కి గానీ 112కి గానీ వెంటనే చేయండి, చికిత్స అయ్యేదాకా ఆగవద్దు. రాత్రిపూట ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోట్లో స్పూను గానీ తాళాలు గానీ పెట్టకుండా, 108కి ఫోను చేయండి.